మెరుపుకి మార్కుల్లేవ్!

మా బాబాయ్ అంబాసిడర్‌కి నేను 100కి 93 మార్కులేశా. గంట తర్వాత అదే కారుకి, అదే షీటు మీద, ఇదే చేత్తో 71 వేశా. ఆ గంటలో కారుకేం కాలేదు. గీత పడలేదు, సొట్ట పడలేదు. మరి 22 మార్కులు ఎక్కడికి పోయాయి? ఈ వారం కబురు అదే.

ముందు అసలు అక్కడికెందుకెళ్లానో చెప్తా. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపున్న పాత బండ్ల పిచ్చోళ్లం ఓ పదిహేను మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఎవరైనా హైదరాబాద్‌కో చెన్నైకో షో చూడ్డానికెళ్లొస్తే చాలు, ఆ రాత్రి గ్రూపులో ఒకటే గొడవ. ఆ బండికి ఫస్ట్ ప్రైజ్ ఎందుకిచ్చారు? మనోడి బండి అంతకంటే మెరిసిపోతుంది కదా? జడ్జీలకి కళ్లున్నాయా లేవా?

ఇదంతా చదివీ చదివీ విసిగిపోయిన ఓ పెద్దాయన ఒక రోజు మెసేజ్ పెట్టారు. ఆయన పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మేమంతా మాస్టారనే పిలుస్తాం. "మార్కులు ఎట్టా వేస్తారో తెలియకుండా జడ్జీల్ని తిట్టబాకండి. ఆదివారం రండి, మీ చేతే వేయిస్తా" అన్నారు.

అట్టా మొదలైంది మా ట్రైనింగ్. ఏసీ హాలు, పవర్‌పాయింట్ లాంటివేం లేవు. చిలకలూరిపేట దగ్గర మూతపడ్డ ఒక పత్తి మిల్లు ఆవరణ. ఫిబ్రవరి ఎండ. రోడ్డుకి అవతల కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పదిహేను మందికీ ఒకేసారి తుమ్ములు. చెట్ల కింద వరసగా ఆరు బండ్లు. రెండు చేతక్ స్కూటర్లు, ఒక యెజ్డీ, ఒక రాజ్‌దూత్, ఒక ప్రీమియర్ పద్మిని, చివర్లో మా బాబాయ్ తెల్ల అంబాసిడర్.

చేతులు వెనక్కి

మొదటి పాఠంలో బండి గురించి ఒక్క ముక్క లేదు. "వాచీలు, ఉంగరాలు తీసి జేబులో పెట్టుకోండి. బెల్టు బకిల్ ఉంటే చొక్కా కిందకి లాగండి. చేతులు వెనక్కి కట్టుకోండి" అన్నారు మాస్టారు.

ఎందుకంటే జడ్జి బండిని ముట్టుకోకూడదు. బానెట్ తెరవాలన్నా, డిక్కీ చూడాలన్నా ఓనర్‌నే అడగాలి. ఆయనే తెరవాలి. చూడ్డానికొచ్చిన జడ్జి బెల్టే గీత పెట్టిపోతే, ఆ గీతకి మళ్లీ ఆయనే మార్కు కోస్తే ఎట్టా ఉంటుంది?

ఇంకో మాట కూడా చెప్పారు. బండి కొనేవాడు వేరు, జడ్జి వేరు. కొనేవాడు అయస్కాంతం తెచ్చి, గుడ్డలో చుట్టి, రేకు మీద పెట్టి చూస్తాడు. అతుక్కోకపోతే లోపల లప్పం ఉన్నట్టు. జడ్జికి ఆ పని లేదు. తన రెండు కళ్లే పనిముట్లు. పది అడుగుల దూరంలో నిలబడాలి, తర్వాత హెడ్‌లైట్ ఎత్తుకి కూర్చోవాలి, బండి పక్క పొడుగునా చూపు సాగదీయాలి. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం నీడ రేకు మీద తిన్నగా పడిందా, పాములా వంకర్లు తిరిగిందా? వంకర తిరిగితే అక్కడ రేకు సొట్టపోయి, మళ్లీ లేపారన్నమాట. అయస్కాంతం అక్కర్లేదు.

మా గ్రూపులో ఒకతను మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో పనిచేస్తాడు. మాస్టారు అతన్ని లేపి అడిగారు. "టిక్కీ చూసేటప్పుడు ఏం చూస్తావు నాయనా?"

"పైన చూడం సార్. పైన ఎప్పుడూ బాగానే ఉంటది. చెయ్యి లోపలికి పెట్టి, అడుగు నుంచి నాలుగు కాయలు తీస్తాం. ఊపితే గింజ గలగలమనాలి. అనలేదంటే తేమ ఉంది. తాలు ఎంతుందో చూస్తాం, తొడిమ చూస్తాం. రంగు మరీ నిగనిగలాడిందనుకోండి, అప్పుడింకా అనుమానం."

"అదే. నిగనిగలాడితే అనుమానం. ఇవాళ్టి పాఠం అయిపోయినట్టే" అన్నారు మాస్టారు. మేం నవ్వాం. నాకైతే ఆ మాట ఎంత నిజమో మధ్యాహ్నం దాకా అర్థం కాలేదు.

ఎద్దుల పందెం తెలిసినోళ్లకి ఇది తేలిక

తర్వాత క్లాసులు, అంటే తరగతుల సంగతి. అన్ని బండ్లనీ ఒకే గాటన కట్టి మార్కులు వేయరు. మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినోళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రెండు పళ్ల గిత్తల్ని, ఆరు పళ్ల గిత్తల్ని ఒకే బండకి కట్టరు కదా. పళ్లు చూసి వయసు తేల్చి, ఏ విభాగం వాటికి ఆ విభాగం పోటీ పెడతారు.

పాత బండ్లకీ అంతే. ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు మిగిలిన బండి ఒక విభాగం. మొత్తం విప్పి, మళ్లీ కొత్తదానిలా కట్టిన బండి ఇంకో విభాగం. ఓనర్లు మార్పులు చేసుకున్న బండి మరో విభాగం. మొదటి విభాగంలో పెయింటు వెలిసిపోయినా పర్లేదు, అది అసలు పెయింటైతే చాలు. రెండో విభాగంలో అది కుదరదు.

ఇదేం మన మాస్టారు కనిపెట్టింది కాదు. అమెరికాలో 1935లో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ జడ్జీలకి ఇప్పటికీ స్కూళ్లు నడుపుతుంది. కొత్తగా వచ్చినోళ్లు ముందు అప్రెంటిస్‌గా తిరగాలి. అక్కడ బండికి గరిష్ఠంగా 400 పాయింట్లు. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ షో 1950 నుంచి ఉంది. పాత వాహనాలకి ప్రపంచ సమాఖ్య ఫీవా, 1966లో పెట్టారు. మన దేశంలో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీ 1964లో మొదలైంది. అంటే మనం గ్రూపులో కొట్టుకుంటున్న ప్రశ్నకి జవాబు వెతుకుతూ జనం దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నారన్నమాట.

ఆ అమెరికా క్లబ్ కొలబద్ద ఒకటి మాస్టారు బోర్డు మీద రాశారు. నాకు చాలా నచ్చింది. ఆ బండి కొత్తగా ఉన్నప్పుడు, డీలరు తుడిచి తాళాలు చేతికిచ్చిన రోజున ఎట్టా ఉందో, ఇవాళ అట్టా ఉందా? అంతే ప్రశ్న. అంతకంటే తక్కువుంటే మార్కు పోతుంది. ఎక్కువుంటే? ఒక్క మార్కు కూడా అదనంగా రాదు. ఫ్యాక్టరీలో మామూలు పెయింటు పూసిన బోల్టుకి నువ్వు క్రోమ్ చేయిస్తే ఖర్చు నీది, మార్కు మాత్రం సున్నా. ఒక్కోసారి అసలుకే కోత.

యెజ్డీ దగ్గర పరువు పోయింది

ప్రాక్టీసు టూవీలర్లతో మొదలెట్టాం. ముగ్గురు ముగ్గురుగా జట్లు. మాస్టారు మా కోసం 100 మార్కుల షీటు రాసుకొచ్చారు. బయటి భాగం 35, లోపలి భాగం 25, ఇంజిన్ 25, కింది భాగం 15. అందరూ 100తోనే మొదలవుతారు. తప్పు కనబడిన చోట కోసుకుంటూ పోవాలి. రూల్స్ నాలుగే.

ఒకటి, కోసిన ప్రతి మార్కుకీ కారణం రాయాలి. "బాలేదు" అని రాస్తే చెల్లదు.

రెండు, ఒకే తప్పుకి రెండు చోట్ల కోయకూడదు.

మూడు, నీకు కచ్చితంగా తెలియకపోతే కోయకూడదు. అనుమానం ఉంటే ఓనర్‌ని అడుగు, కాగితాలు చూపించమను.

నాలుగు, ఓనర్ మొహం చూసి చెప్పలేని కారణం షీటు మీద రాయకూడదు.

ఆ మూడో రూలు దగ్గరే మా జట్టు బోల్తా పడింది. యెజ్డీకి రెండు సైలెన్సర్లు చూశాం. సిలిండర్ చూస్తే ఒక్కటే. "ఎవరో స్టైల్ కోసం ఇంకోటి తగిలించారు" అని ధైర్యంగా 3 మార్కులు కోసేశాం. ఓనర్ పకపకా నవ్వాడు. యెజ్డీ 250 వచ్చిందే అట్టా! ఒక్క సిలిండరైనా రెండు సైలెన్సర్లు. మైసూరులో తయారైన ఆ బండి ప్రత్యేకతే అది. పైగా కిక్ కొట్టే రాడ్డే కిందకి తిప్పితే గేర్ రాడ్డు. అది చూసుంటే దానికీ ఇంకో 3 కోసేవాళ్లమేమో.

"తప్పు కనిపెట్టాలని వచ్చినోడికి అన్నీ తప్పులే కనబడతయ్" అన్నారు మాస్టారు. "ముందు బండి గురించి చదువు. తర్వాత చూడు. ఆ తర్వాత కోయి."

చేతక్ దగ్గర కాస్త కుదురుకున్నాం. ఎల్ఈడీ లైటు, కొత్త రకం స్క్రూలు, సీటు కవరు పట్టేశాం. పద్మిని దగ్గర ఇంకాస్త ధైర్యం వచ్చింది. ఇక చివరికి అంబాసిడర్.

93

నిజానికి చుట్టాల బండికి జడ్జిగా ఉండకూడదు. ఏ షోలో అయినా ఇది మొదటి నియమం. నేను అదే మాట అన్నాను. "తెలుసు నాయనా. ఇవాళ ప్రాక్టీసు కాబట్టి కావాలనే నీకిచ్చా. ఎందుకు వద్దంటారో నీకే తెలుస్తది" అన్నారు మాస్టారు.

ఆ కారు గురించి కొంచెం చెప్పాలి. 1973 మోడల్, మార్క్ 2. మా తాత కొన్నాడు. పర్చూరు దగ్గర మా ఊళ్లో అప్పట్లో నల్లరేగడి నేలల్లో పత్తి బాగా పండుతున్న రోజులు. హైబ్రిడ్ విత్తనాలు కొత్తగా వచ్చాయి. పత్తి డబ్బుతో కొన్న కారు. బాబాయ్ మూడేళ్లు కష్టపడి, సంపాదించిందంతా పోసి దాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఆ ఆదివారం తెల్లారుజామున లేచి కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి తెచ్చాడు. వేపచెట్టు కింద అది నిజంగా పెళ్లికొడుకులా ఉంది.

నేను శ్రద్ధగానే చూశా. ఎల్ఈడీ హెడ్‌లైట్లకి 2, వెనక ఎడమ డోరు దగ్గర సందు తేడాకి 1, టచ్‌స్క్రీన్ స్టీరియోకి 2, రేడియేటర్ పైపుకి కొత్తరకం క్లిప్పుకి 1, అడుగున మందంగా కొట్టిన నల్ల కోటింగ్‌కి 1. మొత్తం 7 కోశా. 93. సొంత బాబాయ్ కారుకి 7 కోయడమే గొప్ప నిజాయితీ అనిపించింది.

మాస్టారు షీటు చూసి ఏం అనలేదు. "ఇంకోసారి చుట్టూ తిరిగొద్దాం పా" అన్నారు.

ముందు ముక్కు దగ్గర ఆగారు. "ఈ గ్రిల్ ఏ మోడల్‌ది?" నాకు తెలీదు. అడ్డ పట్టీలున్న ఆ గ్రిల్ 1975లో వచ్చిన మార్క్ 3ది. మార్క్ 2కి దగ్గర దగ్గరగా గడులుండే గ్రిల్ వచ్చేది. 3 మార్కులు.

"ఈ తెలుపు చూడు, ఎండలో ముత్యంలా మిలమిలమంటంది. 1973లో అంబాసిడర్‌కి ఇచ్చింది సాదా తెలుపు." 5 మార్కులు.

లోపల సీట్లకి వజ్రాల డిజైన్ కుట్టు, ఇప్పటి పెద్ద కార్లలో ఉన్నట్టు. ఆ రోజుల్లో సాదా రెక్సిన్. 4 మార్కులు.

తర్వాత బానెట్. బాబాయే తెరిచాడు. లోపల అద్దంలా ఉంది. మాస్టారు ఒకటే అడిగారు. "స్పార్క్ ప్లగ్గులు చూపించు."

లేవు. ప్లగ్గుల్లేవు, డిస్ట్రిబ్యూటర్ లేదు. వాటి బదులు ఇంజెక్టర్ పైపులు, పక్కన పంపు. ఎందుకంటే అది డీజిల్ ఇంజిన్. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కి డీజిల్ ఇంజిన్ ఇవ్వడం మొదలెట్టింది 1980లో. 1973 కారు పుట్టినప్పుడు అందులో ఉన్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. 10 మార్కులు.

3, 5, 4, 10. మొత్తం 22. 93 లోంచి తీసేస్తే 71.

ఇప్పుడు చెప్పండి, నాకు అది డీజిల్ అని తెలీదా? భేషుగ్గా తెలుసు. నేను పుట్టినప్పట్నుంచీ ఆ కారు కటకటమంటూనే ఉంది. అందుకే అది తప్పని తట్టలేదు. మిగతా మూడూ అంతే. ముత్యం రంగు నాకు ఇష్టం. ఆ సీట్ల ఫొటో నేనే ఇన్‌స్టాలో పెట్టా. నేను పట్టుకున్న ఐదు తప్పులూ నాకు నచ్చనివి. వదిలేసిన నాలుగూ నాకు నచ్చినవి. కళ్లు లేక కాదు, ఇష్టం అడ్డొచ్చింది. చుట్టాల బండి జడ్జ్ చేయకూడదని ఎందుకంటారో అప్పుడు తెలిసింది.

ఇంజిన్ ఎక్కడికి పోయింది?

నాలుగో రూలు గుర్తుందిగా. ఓనర్ మొహం చూసి కారణం చెప్పాలి. వెళ్లి చెప్పా. గ్రిల్, రంగు, సీట్ల దాకా బాబాయ్ తలూపుతూ విన్నాడు. ఇంజిన్ దగ్గరికొచ్చేసరికి మొహం మారింది.

"ఆ ఇంజిన్‌కి పది కోస్తావురా? అది ఎందుకు మారిందో తెలుసా నీకు?"

నిజంగా తెలీదు. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆ మిల్లు ఆవరణలో, అందరి ముందూ, ఆయనే చెప్పాడు.

1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మీద తెల్లదోమ పడింది. మన తరానికి ఇది పాఠాల్లో కూడా లేదు. మందు కొట్టే కొద్దీ చావాల్సిన పురుగు ఇంకా పెరిగింది. విచ్చలవిడిగా కొట్టిన మందులకి తెల్లదోమని తినే మిత్ర పురుగులు చచ్చాయి, అది మాత్రం మొండికేసింది. రైతులు ఒక మందు పోయి ఇంకో మందు, ఒక కొట్టు పోయి ఇంకో కొట్టు, అప్పు మీద అప్పు. 1987-88 నాటికి ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిసే వార్తయ్యాయి.

మా తాత ఆ అప్పుల్లోనే ఉన్నాడు. పొలం అమ్మనన్నాడు. కారు అమ్మితే ఊళ్లో పరువు పోతుందనుకున్నాడు. 1988లో ఓ రాత్రి కారు ఇంజిన్ మాత్రం దించి అమ్మేశాడు. ఇంకెవరిదో అంబాసిడర్ ఇంజిన్ పట్టేసిందట, వాళ్లు కొనుక్కున్నారు. ఆ డబ్బు పురుగుమందుల కొట్లో కట్టాడు. కారు గొడ్ల చావిట్లో ఇటుకల మీద నిలబడింది. పైన పట్టా కప్పి ఉండేది కాబట్టి, లోపల ఇంజిన్ లేదని నాలుగేళ్లు ఊళ్లో ఎవరికీ తెలీదు.

1992లో బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లి ఒక పాత డీజిల్ ఇంజిన్ తెచ్చి బిగించాడు. అద్దెకి తిప్పాడు. గుంటూరు ఆసుపత్రులకి, ఒంగోలు కోర్టుకి, పెళ్లిళ్లకి, శవాలకి కూడా. మా అత్త పెళ్లి ఆ కారు సంపాదనతోనే జరిగింది. "ఆ ఇంజినే లేకపోతే కారు లేదు. కారు లేకపోతే మనం ఎక్కడుండేవాళ్లమో. దానికి పది కోస్తావా?" అన్నాడు.

నేను మాస్టారి వైపు చూశా. నిజం చెప్పొద్దూ, ఆ పదీ తిరిగి కలిపేద్దామనుకున్నా. అక్కడున్నోళ్లెవరూ కాదనేవాళ్లు కాదు.

జాలిపడి మార్కేస్తే ఎవరికి నష్టం?

మాస్టారు బాబాయ్ పక్కన కూర్చున్నారు. "అయ్యా, మీరు ఈ కారుకి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నారంటగా?" అన్నారు.

అవును, బాబాయ్ ప్లాన్ అదే. 2021 జులైలో కేంద్రం కొత్త రూల్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత కార్లు, టూవీలర్లని వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. నంబర్‌లో వీఏ అనే అక్షరాలొస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కి 5,000. దాంతో అద్దెకి తిప్పకూడదు, రోజువారీ తిరగకూడదు. ఎగ్జిబిషన్, ర్యాలీ, రిపేరు, పెట్రోలు కోసం మాత్రమే రోడ్డెక్కాలి. మన కారుకి 50 ఏళ్లు దాటాయి. లెక్క సరిపోయింది.

కానీ అదే రూల్లో ఇంకో మాట ఉంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పు జరిగి ఉండకూడదు.

"ఇవాళ ఈ అబ్బాయి జాలిపడి పది మార్కులు వేస్తే మీరు సంతోషంగా ఇంటికెళ్తారు. రేపు 20,000 పట్టుకుని వెళ్తే అక్కడ తనిఖీ చేసేవాళ్లకి మీ కథ తెలీదు. వాళ్లకి కాగితం తెలుసు, ఇంజిన్ నంబర్ తెలుసు. అక్కడ కాదనిపించుకోడం కంటే ఇక్కడ మనోడి నోట వినడం మంచిది కదా" అన్నారు మాస్టారు.

తర్వాత నాతో అన్నారు. "పదీ కోయి. కోసి, కింద రిమార్క్స్‌లో ఇప్పుడు విన్నదంతా రాయి. ఏ సంవత్సరం దించారు, ఎందుకు దించారు, ఏ సంవత్సరం ఏది పెట్టారు, అన్నీ."

ఇది ఆయన మంచితనం కొద్దీ చెప్పింది మాత్రమే కాదు. ఫీవా 2013లో ట్యూరిన్ చార్టర్ అని ఒకటి తెచ్చింది. పాత వాహనాల్ని ఎట్టా కాపాడుకోవాలో చెప్పే పత్రం అది. వాహనానికి చేసిన ప్రతి మార్పూ రాసి పెట్టుకోవాలని అందులో గట్టిగా ఉంటుంది. వాడకంతో వచ్చిన గుర్తులకీ విలువుంటుంది. అంటే మార్పు జరిగిన బండి చెత్త బండి అని కాదు. మార్పుని దాస్తేనే చిక్కు. ఒరిజినల్ అని చెప్పి తెస్తే అబద్ధం. మారింది, ఇదిగో ఇందుకు మారింది అని తెస్తే అదే దాని చరిత్ర.

నాకు ఇంకోటి కూడా అనిపించింది. ఢిల్లీ, ముంబై షోల్లో మెరిసే మహారాజుల కార్లకి ఇంజిన్ అమ్ముకోవాల్సిన రాత్రి వచ్చి ఉండదు. అవి ఒరిజినల్‌గా మిగిలాయంటే వాటికి గ్యారేజీలున్నాయి, డ్రైవర్లున్నారు, డబ్బుంది. మన పత్తి, మిరప ఊళ్ల కార్లు బతకడం కోసం మారాయి. ఆ కొలబద్ద మనకోసం తయారైంది కాదు, నిజమే. అట్టాగని కొలబద్దని వంచితే మన బండి గొప్పదైపోదు. కొలబద్ద పక్కన మన కథ కూడా రాసి పెట్టాలి. ఇప్పటిదాకా అది ఎవరూ రాయలేదు, నాతో సహా.

71 వేశా. వెనకపేజీ నిండా రాశా. బాబాయ్‌కిచ్చా. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

మీ ఇంట్లో పాత బండి ఉందా?

అయితే ఈ నాలుగు పనులు ఈ ఆదివారమే చెయ్యండి. జడ్జి కాకపోయినా పర్లేదు.

1. కడగకముందే ఫొటోలు తియ్యండి. బయట, లోపల, ఇంజిన్, కింద. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్సీతో సరిపోయాయో లేదో చూడండి.

2. తొందరపడి పెయింటు వేయించొద్దు. అసలు పెయింటు ఒకసారి పోతే మళ్లీ రాదు. వెలిసిన అసలు రంగుకున్న విలువ కొత్త మెరుపుకి ఉండకపోవచ్చు.

3. తీసేసిన పాత పార్టులు పాత ఇనుప సామాన్ల వాడికి వెయ్యొద్దు. అటక మీద పడేసినా సరే, ఉండనివ్వండి.

4. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ ఆన్ చెయ్యండి. ఎప్పుడు కొన్నారు, ఎందుకు కొన్నారు, ఏది మారింది, ఎందుకు మారింది? ఇంజిన్ ఎప్పుడైనా వెతికి తెచ్చుకోవచ్చు. ఆ కబుర్లు చెప్పే మనుషులు అట్టా దొరకరు.

ఇక బాబాయ్ సంగతి. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు.

"ఒరేయ్, అటక మీద వెతికితే ఆ గడుల గ్రిల్ దొరికింది. తుప్పు పట్టింది. బాగు చేయిస్తా. ఆ సీట్లు కూడా మార్పిస్తా, నీ మాటే కానీ."

"మరి ఇంజిన్ బాబాయ్? పాత పెట్రోల్ ఇంజిన్ కోసం గ్రూపులో అడగమంటావా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "వద్దు. అది ఉండనీ. వీఏ నంబర్ లేకపోతే మానె. వచ్చే షోలో మార్పులు చేసిన బండ్ల విభాగంలోనే పెడదాం. నువ్వు ఆ వెనకపేజీలో రాశావే, అది కాస్త పెద్ద అక్షరాలతో ఒక బోర్డు మీద రాయించు. మీ తాత పేరు పైన రావాలి."

బోర్డు రాయిస్తున్నా. అయితే ఆ షోలో నేను జడ్జిగా మాత్రం ఉండను. చుట్టాల బండి కదా.